గుప్పెడు మాత్రలు, ఒక పాత డైరీ

రాష్ట్రం విడిపోయిన ఏడాది నాకు యాభై మూడేళ్ళు. నరసన్నపేట బజారులో మందుల కొట్టు పెట్టి అప్పటికి పాతికేళ్ళు దాటింది. మాది వ్యవసాయ కుటుంబం. అన్నదమ్ముల్లో నేనొక్కణ్ణే ఫార్మసీ డిప్లొమా చదివి, పొలం వదిలి కౌంటరు వెనక నిలబడ్డాను. పొద్దున్న ఎనిమిదిన్నరకి షట్టరు ఎత్తితే రాత్రి తొమ్మిదిన్నరకి దించేవాణ్ణి. మధ్యాహ్నం నేను భోజనానికి వెళ్ళినప్పుడు మా ఆవిడ వచ్చి కొట్లో కూర్చునేది. చూసి చూసి ఆమెకి కూడా ఏ మందు ఏ అరలో ఉంటుందో కంఠతా వచ్చేసింది.

ఆ వర్షాకాలం ఊళ్ళో విరేచనాలు ఎక్కువగా ఉన్నాయి. ఓఆర్ఎస్ పొట్లాలు తెగ పోతున్నాయి. అవి అన్నిటికన్నా కింది అరలో ఉండేవి. ఒక సాయంత్రం వాటి కోసం గొంతుక్కూర్చున్నాను. పొట్లాలు తీసి లేవబోతే లేవలేకపోయాను. నొప్పేమీ లేదు. తొడల్లో బలం లేదు, అంతే. రెండోసారి ప్రయత్నించాను. మూడోసారి అల్మారా పట్టుకుని లేచాను. ఆ ఊపుకి దగ్గు మందు సీసాలు రెండు కిందపడి పగిలాయి. కౌంటరు అవతల నలుగురు జనం ఉన్నారు. అందరూ పగిలిన సీసాల వైపే చూశారు, నా వైపు చూడలేదు. అదే నాకు ఇంకా సిగ్గనిపించింది.

మా ఆవిడ గుడ్డ తెచ్చి తుడుస్తూ, జనం వెళ్ళాక మెల్లిగా అంది.

"మావగారికీ ఇలగే మొదలైంది."

ఆ మాట ఆమె నన్ను నొప్పించాలని అనలేదు. మా నాన్న అరవై దాటగానే మంచం మీదనుంచి ఎవరైనా లేపితేగాని లేచేవారు కాదు. జబ్బంటూ ఏదీ లేదు. నడవడం తగ్గింది, కాళ్ళు సన్నబడ్డాయి, అంతే. పదకొండేళ్ళు అలా గడిపారు. ఆ పదకొండేళ్ళూ ఆయన్ని లేపినవాళ్ళలో మా ఆవిడ ఒకర్తె. నాకు చావంటే అంత భయం లేదుగాని, నన్ను అలా ఎవరో లేపవలసి వస్తుందన్న ఆలోచన మాత్రం ఆ రోజునుంచీ వదల్లేదు.

మందుల కొట్టువాడికి భయం వేస్తే ఏం చేస్తాడు? తన అల్మారా వైపే చూస్తాడు.

అప్పటికే బలానికి మాత్రలు మా వైపు బాగా అమ్ముడుపోవడం మొదలైంది. కంపెనీల తరఫున వచ్చే రిప్రజెంటేటివులు నమూనాలు ఇచ్చి వెళ్ళేవారు. ఎముకలకి కాల్షియం, పాలల్లో కలుపుకునే విటమిన్ డి పొడి, గుండెకి చేప నూనె క్యాప్సూళ్ళు, కీళ్ళకి ఒకటి, నరాలకి ఒకటి, అశ్వగంధ, వెల్లుల్లి నూనె, ఆకుపచ్చగా ఉండే నాచు మాత్రలు. ఫోనులో కొత్తగా వచ్చిన వాట్సాప్ గుంపుల్లో రోజుకొకరు ఒక చిట్కా పంపేవారు. నేను అన్నీ మొదలుపెట్టాను. పొద్దున్న టిఫిన్ అయ్యాక ఒక గుప్పెడు, రాత్రి భోజనం అయ్యాక ఒక గుప్పెడు. ఏదో కంపెనీ ఇచ్చిన పాత డైరీ ఒకటి తీసి, ఏ రోజు ఏది వేసుకున్నానో, ఎంత నిద్రపోయానో, ఒంట్లో హుషారు పదికి ఎన్ని మార్కులో రాసుకునేవాణ్ణి.

మొదటి నెల మార్కులు అయిదు నుంచి ఎనిమిదికి వెళ్ళాయి. నిజంగానే హుషారుగా అనిపించింది. ఆ హుషారు మాత్రలదో, ఏదో చేస్తున్నానన్న ధైర్యానిదో అప్పుడు ఆలోచించలేదు. మా ఆవిణ్ణి కూడా వేసుకోమన్నాను.

"నాకేటయ్యిందని? వద్దు."

"ముందు జాగ్రత్త."

"జాగ్రత్తంటే దొరికినవన్నీ మింగీడమేటండీ?" అని ఆమె తన పనికి వెళ్ళిపోయింది.

పక్క కొట్టు బట్టల వ్యాపారి మాత్రం నన్ను చూసి ఉత్సాహపడ్డాడు. నాకన్నా రెండేళ్ళు పెద్ద. వరసకి ఏమీ కాకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. "నీ మొకం తేటగా ఉన్నాది బావా, నాకూ అవే ఇచ్చీ" అన్నాడు. ఇచ్చాను. ఆయన్ని చూసి ఇంకొకరు. నన్నే సాక్ష్యంగా చూపించి నేను అమ్ముతున్నానని నాకు తోచలేదు.

మా కొట్టుకి రోజూ మధ్యాహ్నం ఒకావిడ వచ్చేది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి తెల్లవారి ఆటోలో చేపల గంపతో దిగి, వీధివీధికీ తిరిగి అమ్మి, గంప ఖాళీ అయ్యాక వెళ్ళేముందు నా దగ్గర నొప్పి బిళ్ళ కొనుక్కునేది. డెబ్బై ఏళ్ళుంటాయి. వయసు అడిగితే "ఎవులు లెక్కెట్టినారు?" అనేది. మా వైపు అక్కని అప్ప అంటాం. నేను ఆమెని అప్పా అనే పిలిచేవాణ్ణి.

ఒక రోజు నేను టిఫిన్ తినడం ఆలస్యమై, పొద్దుటి మాత్రలు ఆమె ముందే మింగుతున్నాను. ఆమె కౌంటరు మీద మోచేతులు ఆనించి చూస్తూ నిలబడింది.

"ఏటి బాబూ అది, పలారమా?"

"బలానికి అప్పా."

"ఆ పసుప్పచ్చగా మెరుస్తన్నాదే, అదేటి?"

"చేప నూనె."

ఆమె గంప కిందపెట్టింది. "సేప నూనా? ఏ సేప?"

"కవ్వల్లాంటి చిన్న చేపలే. గుండెకి మంచిది."

"మరి పొద్దున్నుంచీ నాను నీ కొట్టు ముందర కవ్వలు, కవ్వలని అరిసీసి ఎల్తన్నాను. ఒక్కనాడైనా ఆపినావా? సేపనొగ్గీసి సేప నూని మింగుతన్నావా?"

కొట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. మా ఆవిడ పదేళ్ళ కిందట మొక్కుకుని నీచు మానేసిందని, ఇంట్లో చేప వండడం లేదని చెప్పాను. ఆమె తల ఊపి, తన నొప్పి బిళ్ళలు కొంగున కట్టుకుని వెళ్ళిపోయింది. తను రోజుకి ఎన్ని వేసుకుంటోందో నేను అడగలేదు. పాతికేళ్ళుగా అడగలేదు.

హుషారు కొంచెం తగ్గినప్పుడల్లా నేను ఏదో ఒకటి పెంచేవాణ్ణి. పాలల్లో కలుపుకునే విటమిన్ డి పొడి వారానికి ఒక్క పొట్లమే వేసుకోవాలి, అదీ డాక్టరు చెప్పినన్ని వారాలే. ఆ సంగతి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి నేనే. నా విషయానికి వచ్చేసరికి, పడుతోంది కదా అని మూడు రోజులకొకటి చేశాను. అలా ఏడెనిమిది నెలలు.

తరవాతి వేసవిలో దాహం మొదలైంది. ఎండలనుకున్నాను. ఎంత నీళ్ళు తాగినా నాలుక ఎండిపోయేది. మలబద్ధకం. అన్నం ముందు కూర్చుంటే వికారం. మధ్యాహ్నానికే కళ్ళు మూతలు పడేవి. డైరీలో మార్కులు మూడుకి పడిపోయాయి. వికారానికి ఒక మాత్ర, మలబద్ధకానికి ఒక పొడి కలిపాను. బట్టల వ్యాపారి బావకి మాత్రం ఏమీ కాలేదు. ఎందుకంటే ఆయన బద్ధకిస్తూ పది రోజులకొకసారి వేసుకునేవాడు.

ఒక పొద్దున్న మా ఆవిడ కొట్టు తాళాలు చేతిలో పట్టుకుని వాకిట్లో నిలబడింది.

"ఈయాల షట్టరు ఎత్తరు. శ్రీకాకుళం ఎల్తన్నాం."

"ఎందుకూ?"

"డాక్టరమ్మ కాడికి. మీ వైద్యం సూసినాను, సాలు."

బస్సులో నేను కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. డైరీ మాత్రం సంచిలో పెట్టుకున్నాను. నా లోపల ఎక్కడో ఒక గర్వం ఉండేది. ఇంత శ్రద్ధగా రాసుకున్న రోగిని ఆ డాక్టరు చూసి ఉండదు అనుకున్నాను.

డాక్టరమ్మ చిన్నది. మా మేనకోడలి వయసు ఉంటుంది. నేను చెప్పినదంతా విని డైరీ తీసుకుంది. ఒక్కో పేజీ తిప్పింది. మధ్యలో వెనక్కి వెళ్ళి వేలితో లెక్కపెట్టింది.

"ఈ పొడి మూడు రోజులకొకటి వేసుకున్నారా?"

"అవునమ్మా."

"ఎవరు రాశారు?"

"నేనే. నాది మందుల కొట్టు."

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు.

"మీకు ఏ లోపం ఉందని ఇవన్నీ వేసుకున్నారు?"

ముందు జాగ్రత్త అందామనుకున్నాను. మా ఆవిడ పక్కనే ఉంది. డైరీ వెనక్కి తీసుకుని సంచిలో పెట్టుకున్నాను.

రక్తం తీసుకున్నారు. సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. విటమిన్ డి ఉండవలసినదానికన్నా చాలా ఎక్కువ. దానివల్ల రక్తంలో కాల్షియం పెరిగిపోయింది. మూత్రపిండాల మీద కొంచెం భారం పడింది, కాని ఇంకా చెడిపోలేదు. అన్నీ ఆపెయ్యమంది. సెలైన్ ఎక్కించడానికి రెండు రోజులు ఆస్పత్రిలో ఉంచింది.

ఆ సాయంత్రమే మా ఆవిడ డాక్టరమ్మ దగ్గరికి తిరిగి వెళ్ళింది. నాతో ఎప్పుడూ అనని మాట ఆమెతో అందట. "నా కాలి చెప్పు జారిపోతే నాకు తెలీడం లేదమ్మా. నాలుగడుగులు ఎల్లినాక సూసుకుంటన్నాను." అరికాళ్ళు తిమ్మిరెక్కి ఏడాది దాటిందని, సూదిలో దారం ఎక్కించడానికి వేళ్ళు సరిగా రావడం లేదని కూడా చెప్పింది. డాక్టరమ్మ వెంటనే ఆమె రక్తం కూడా పరీక్షకి పంపింది. బి పన్నెండు విటమిన్ అట్టడుగున ఉంది. నీచు మానేసి, పాలు కూడా పెద్దగా తాగని మనిషికి అది తగ్గిపోతుందని, అలాగే వదిలేస్తే నరాలు పాడవుతాయని చెప్పింది.

సెలైన్ సూదితో పడుకుని ఆ మాట విన్నాను. పాతికేళ్ళుగా ఆ ఇంజక్షన్లు నా అల్మారాలో ఉన్నాయి. ఏ లోపమూ లేని నేను గుప్పెళ్ళకి గుప్పెళ్ళు మింగాను. లోపం ఉన్న మనిషి నా పక్కనే చెప్పు జార్చుకుంటూ నడిచింది. నేను చూడలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"సెప్తే మీరు ఇంకో గుప్పెడిచ్చీవారు" అంది. తరవాత ఆమే నవ్వింది.

ఇంటికి వచ్చాక మొదట చెయ్యవలసిన పని బట్టల కొట్టుకి వెళ్ళడం. రెండు రోజులు వాయిదా వేశాను. మూడో రోజు వెళ్ళి, ఆ పొడి ఆపెయ్యి బావా, నాకు ఇలా అయ్యింది, ముందు నువ్వు పరీక్ష చేయించుకో అని చెప్పాను.

"నువ్వే ఇచ్చినావు, నువ్వే వద్దంటన్నావు. నీ మాట ఏది నమ్మాలి బావా?"

"ఈ మాట."

ఆయన వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తరవాత పరీక్ష కాగితం తెచ్చి చూపించాడు. అంతా బాగానే ఉంది. నా వల్ల ఆ మందులు వేసుకుంటున్న మిగతా అయిదారుగురి దగ్గరికీ అలాగే వెళ్ళాను. ఒకాయన నా ముందే నవ్వాడు. ఒకావిడ మాత్రం, "వచ్చి సెప్పినావు, అది సాలు" అంది.

డైరీ పారేద్దామనుకున్నాను. మా ఆవిడ వద్దంది. ఆమె పదో తరగతితో చదువు ఆపింది. కాని ఆ రోజు ఆమె చెప్పినంత శాస్త్రీయంగా నాకు కాలేజీలో కూడా ఎవరూ చెప్పలేదు.

"పప్పులో ఉప్పు మార్చితే ఉప్పు సంగతి తెలుస్తాది. ఉప్పూ, కారం, పులుపూ మూడూ ఒకేసారి మార్చీస్తే ఏది ఎక్కువైందో ఎవులు సెప్తారు? నెలకొకటి మార్చండి. ఇద్దరం సేద్దాం. ఇద్దరివీ రాద్దాం."

అలా ఆ డైరీలో పేజీ మధ్యన గీత గీసి ఇటు నాది, అటు ఆమెది రాయడం మొదలుపెట్టాం.

మొదటి నెల రాత్రి భోజనం. కొట్టు మూసి ఇంటికి వెళ్ళి పదింటికి తినే అలవాటు నాది. ఏడింటికే ఆమె క్యారేజీ తెచ్చేది. మందుల అట్టపెట్టెల వెనక ఇద్దరం స్టూళ్ళ మీద కూర్చుని తినేవాళ్ళం. మధ్యలో ఎవరైనా వస్తే ఒకరం లేచేవాళ్ళం. పది రోజులకే నాకు గుండెల్లో మంట తగ్గింది. పొద్దున్న లేచేటప్పుడు ఒళ్ళు తేలికగా ఉండేది. దాన్ని ఉంచేశాం.

రెండో నెల అన్నం మానేద్దామన్నాను. అది నా ఆలోచనే. ఫోనులో ఎవరో పంపారు. తొమ్మిది రోజులు చేశాను. తొమ్మిదో రోజు జ్వరం మాత్ర అడిగిన ఒక పెద్దాయన మీద ఊరికే కేక వేశాను. ఆయన నివ్వెరపోయి చూశాడు. ఆ రాత్రి డైరీలో మా ఆవిడ తన వైపు రాసింది: "ఈయనకి అన్నం పెట్టాలి." మర్నాడు అన్నం తిన్నాను. పూర్తిగా మానడం పోయి, పొద్దుటిపూట చోడి అంబలికి మారాం; రాగుల్ని మా వైపు చోళ్ళంటాం. చిన్నప్పుడు పొలంలో తాగినదే. మజ్జిగ, ఉల్లిపాయ ముక్క, నంజుకోడానికి పచ్చిమిరపకాయ. అది నిలిచింది.

చన్నీళ్ళ స్నానం చేశాను, జలుబు చేసింది, మానేశాను. వారానికొక ఉపవాసం మా ఆవిడకి పడింది, నాకు పడలేదు. ఆ రోజుల డైరీ చూస్తే సగానికి సగం కొట్టివేతలే.

కాని కాళ్ళ సంగతి వేరు. డాక్టరమ్మ చెప్పిన పద్ధతి చాలా చిన్నది. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలి, కూర్చోవాలి. కొట్లో ప్లాస్టిక్ కుర్చీ మీద రెండు దిళ్ళు వేసుకుని మొదలుపెట్టాను. మొదటి రోజు నాలుగుసార్లు. జనం లేనప్పుడల్లా లేచేవాణ్ణి, కూర్చునేవాణ్ణి. మూడు వారాలకి ఒక దిండు తీశాను. తరవాత రెండోది. తరవాత కుర్చీ పోయి స్టూలు వచ్చింది. బట్టల వ్యాపారి బావ తన కొట్లోంచి చూసి, "బస్కీలేటి, ఈ వయసులో పెళ్ళి సూపులకి ఎల్తావా?" అనేవాడు. రెండు నెలలకి ఆయనా తన గుమ్మంలో స్టూలు వేశాడు. అద్దం బీరువాల మధ్య ఆయనా, అల్మారాల మధ్య నేనూ, మధ్యాహ్నం రెండింటికి లేస్తూ కూర్చుంటూ ఉండేవాళ్ళం.

పొద్దున్న పొలాల గట్ల వెంట నడక మొదలైంది. మొదట్లో మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని నడిచేది. పాదాలు నేల మీద సరిగా ఆనాయో లేదో ఆమెకి తెలిసేది కాదు. మొదట రోజూ, తరవాత వారానికొకటి బి పన్నెండు ఇంజక్షన్లు, ఆ తరవాత మాత్రలు. మూడో నెలలో ఒక పొద్దున్న గట్టు మీద ఆగిపోయింది. వంగి చెప్పు తీసి దులిపింది. చిన్న రాయి పడింది.

"ఏమైంది?"

"రాయి గుచ్చుకుంది" అంది. మళ్ళీ అంది, "గుచ్చుకుందండీ." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఆ రాయిని తీసి చేతిలో పెట్టుకున్నాను. ఏం చెయ్యాలో తెలియక కొంచెం సేపటికి కాలవలోకి విసిరేశాను.

మాత్రలంటే నాకు అప్పటికి వచ్చిన విరక్తి ఆ రోజు సగం పోయింది. లోపం ఉన్నచోట మందు మందే. ఆ మాట డైరీలో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను.

చేపలు తినాలని నేను అనుకున్నది ఆ తరవాతే. మా ఆవిడ మొక్కు మొక్కే. పెరట్లో వేరే పొయ్యి, వేరే మట్టి దాక పెట్టుకుని నేనే వండుకుంటానంటే ఆమె సరేనంది. చేపల అప్పని ఆపి కవ్వలు కొన్నాను. నాకు శుభ్రం చెయ్యడం కూడా రాదు. ఆమె నవ్వుకుంటూ పెరట్లోకి వచ్చి కూర్చుంది. పొలుసు ఎలా తియ్యాలో, ఉప్పూ పసుపూ వేసి ఎలా రుద్దాలో చూపించింది. పులుసు మరుగుతుంటే నేను గరిటె పట్టుకున్నాను.

"గరిటెట్టకు, ముక్క ఇరిగిపోద్ది. దాక అంచులట్టుకుని తిప్పు. అలగ. నూనె ఎక్కువొద్దు, కవ్వే నూనె ఒగ్గుద్ది."

వెళ్ళబోతూ లేవడానికి ఆమె నేల మీద రెండు చేతులూ ఆనించి, మోకాలు పట్టుకుని, "అమ్మా" అంది. పాదాలు వాచి ఉన్నాయి. అప్పుడు అడిగాను, ఎట్టకేలకి.

"రోజుకి ఎన్ని బిళ్ళలు వేసుకుంటన్నావు అప్పా?"

"పొద్దున్నొకటి, మద్దేన్నమొకటి. గంప బరువైతే ఇంకోటి."

"ఎన్నాళ్ళనుంచి?"

"నీ కొట్టు ఎట్టినకాణ్ణుంచీ."

ఆ బిళ్ళలు అంతకాలం వేసుకుంటే కడుపుకీ, మూత్రపిండాలకీ ఏం చేస్తాయో నాకు తెలుసు. మర్నాడు ఆమె వస్తే ఇవ్వనన్నాను. డాక్టరుకి చూపించుకుంటేనే ఇస్తానన్నాను.

"ఏటి బాబూ, నొప్పి నీకా నాకా?"

"నీకే. అందుకే వద్దంటన్నాను."

"నువ్వు రోజుకొకలా మాటాడతన్నావు. నీ కొట్టొకటేనా ఈ ఊళ్ళో?" అని వెళ్ళిపోయింది. మూడు వారాలు మా వీధిలోకి రాలేదు. ఎదర వీధిలో కేక వినిపించేది, మా వైపు వచ్చేది కాదు.

నేను మంచి పనే చేశాననుకున్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"వద్దని సెప్పీసి మీరు కుర్చీలో కూకున్నారు. మీకు బాగోనప్పుడు నాను వద్దని ఊరుకున్నానా? బస్సెక్కించినాను."

ఆమే వెళ్ళి ఆటోల స్టాండు దగ్గర ఆ అప్పని పట్టుకుంది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. రెండు రోజుల తరవాత ఇద్దరూ కలిసి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళారు. నేను కొట్లో కూర్చుని ఎదురుచూశాను. మధ్యాహ్నానికి ఇద్దరూ నా కౌంటరు ముందుకి వచ్చారు. అప్ప నా మొహం చూడకుండా చీటీ జాపింది. బీపీ బాగా ఎక్కువగా ఉంది. మూత్రపిండాల పరీక్షలో కొంచెం తేడా ఉంది. ఆ నొప్పి బిళ్ళలు పూర్తిగా ఆపమన్నారు. బీపీకి ఒకటి, నొప్పి మరీ ఎక్కువైనప్పుడు వేసుకోడానికి వేరే మాత్ర రాశారు. గంప బరువు తగ్గించమన్నారు.

"బరువెలగ తగ్గుద్ది? సేపకి బరువుండదేటి?" అంది అప్ప.

దానికీ దారి దొరకడానికి నెల పట్టింది. ఆమె కోడలు ఆటోలో గంప తెచ్చి బజారు మూల దించేది. అప్ప పీట వేసుకుని అక్కడే కూర్చుని అమ్మడం మొదలుపెట్టింది. వీధులు కోడలు తిరిగేది. మొదట్లో బేరం తగ్గిందని సణిగింది. తరవాత జనమే ఆమె దగ్గరికి రావడం అలవాటు చేసుకున్నారు. మోకాళ్ళ నొప్పి పోలేదు, తగ్గింది. పాదాల వాపు దిగింది. ఆరు నెలల తరవాత పరీక్షలో మూత్రపిండాల తేడా పెరగలేదు. "పెరగనేదంటే మంచిదేనా?" అని అడిగింది. చాలా మంచిదన్నాను. ఆ రోజు చీటీ మడిచి కొంగున కట్టుకుంటూ, "మీ ఆడదాయి మంచిది, నువ్వు కూడా పరవాలేదు" అంది.

నాకు అయిదేళ్ళ తరవాత కూడా కాల్షియం, మూత్రపిండాలు సరిగానే ఉన్నాయి. ఏడాదికొకసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్తాం. బి పన్నెండు మాత్ర మా ఆవిడ మానలేదు. నేను ఏ మాత్రా వేసుకోవడం లేదు. ఎవరైనా బలానికి ఇవ్వమని వస్తే ముందు డాక్టరమ్మ నన్ను అడిగిన ప్రశ్నే అడుగుతాను. కొందరు విసుక్కుని వేరే కొట్టుకి వెళ్తారు. కొందరు ఆగి, పాదాల తిమ్మిరో, నిద్ర పట్టకపోవడమో, అసలు సంగతి చెప్తారు.

డైరీ నిండినప్పుడల్లా కొత్తది కొనేవాళ్ళం. అయిదో ఏడు కొన్నదాని మొదటి పేజీలో మా ఆవిడ తన వైపు, ఆ నెల మార్చవలసినది అన్నచోట, "బండి నేర్చుకోడం" అని రాసింది. చదివి ఆమె వైపు చూశాను.

"ఆరోగ్యానికి బండికీ ఏమిటి సంబంధం?"

"కాళ్ళు తెలుస్తన్నాయి కదా. తెలిసినప్పుడే సేసుకోవాల."

పక్కింటివాళ్ళ గేర్లు లేని బండి అడిగి తెచ్చాను. మార్కెట్ యార్డు ఖాళీ స్థలంలో, పొద్దున్న ధాన్యం లారీలు రాకముందు, ఆమె బండి మీద కూర్చుంటే నేను వెనక సీటు కడ్డీ పట్టుకుని నడిచేవాణ్ణి. నాలుగు రోజులు తూలింది. ఒకసారి ఇద్దరం బస్తాల మీద పడ్డాం. అయిదో రోజు, "గట్టిగా అట్టుకోకండి, బండి వెనక్కి లాగుతన్నాది" అంది. వదులుగా పట్టుకున్నాను. ఆమె వేగం పెంచింది. నేను పరిగెత్తాను. గోదాము దాటేదాకా పరిగెత్తి, ఇంక వల్లకాక వదిలేశాను. ఆమెకి నేను వదిలేసినట్టు తెలియదు. ఆ చివర కాటా దాకా వెళ్ళి, మెల్లిగా తిప్పుకుని, కాళ్ళు రెండూ నేల మీద ఆనించి ఆగింది. నేను ఎక్కడున్నానో అప్పుడు చూసింది.

రొప్పుతూ ఆమె దగ్గరికి నడిచాను. యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి. మా నాన్న ఈ వయసులో పరిగెత్తగా నేను చూడలేదు. ఆమె కొంగు నడుముకి దోపి, వెనక సీటు మీద చేత్తో కొట్టింది.

"రండి, కూకోండి. కొట్టు తియ్యాల కదా."

"పడెయ్యవు కదా?"

"పడితే లెగుద్దాం" అంది. నేను ఎక్కి కూర్చున్నాను.